బలం తిరిగే చోటు

కోనసీమలోని అంబాజీపేటలో కొబ్బరికాయని వేల లెక్కన అమ్ముతారు. పచ్చికాయైనా, ముక్కుడుకాయైనా, ఎండిన కురిడీలో గండేరా రకమైనా గటగట రకమైనా ధర చెప్పేది వెయ్యి కాయలకే. పత్రికల జిల్లా పేజీలో ఆ పట్టిక రోజూ కనిపిస్తుంది. పట్టికలో కనిపించనిది, ఆ కాయని ఒలిచిన ఇనుప మొన. నేలలో పాతిన గునపం, దాని ముందు కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషి, పక్కన డొక్కల గుట్ట. చూసేవాళ్లకి ముందు కండబలం కనిపిస్తుంది. నా చూపు మాత్రం ఎప్పుడూ ఆ గునపం కొస మీదే ఆగుతుంది.

ఆ కొస చాకులా పదునుగా ఉండదు. ఉంటే పని చెడుతుంది. కొబ్బరి పీచు పోగులు ముచ్చిక దగ్గర మొదలై రెండో కొస దాకా నిలువునా సాగుతాయి. వాటిని కోయనక్కర్లేదు, ఒకదాన్నించి ఒకదాన్ని విడదీస్తే చాలు. అందుకే కొసను వెడల్పుగా, పలచగా సాగగొట్టి, అంచుని కాస్త మొద్దుగానే ఉంచుతారు. రెండు చేతులా పట్టిన కాయని మొన మీదికి దించితే అది పోగుల మధ్య దారి చూసుకుంటూ చిప్ప దాకా వెళ్లి ఆగాలి, చిప్పలోకి దిగకూడదు. అప్పుడు ఒలిచే మనిషి కాయని పక్కకి తిప్పుతాడు. పీచు ఊడేది పొడవడంలో కాదు, ఈ తిప్పడంలోనే. మొన ఆనిన చోటు ఇరుసవుతుంది, కాయ మొత్తం మీటగా మారుతుంది, భుజం నుంచి కిందికి దిగిన బలం పక్కకి మళ్లుతుంది. మూడు నాలుగు పోట్లలో డొక్కలు విడిపోతాయి. కళ్ల మీద కాస్త పిలక మిగులుస్తారు. అది అందం కోసం కాదు, మెత్తటి కన్ను ఎండి కాయ చెడిపోకుండా కాపాడటానికి. చేయి తిరిగిన కార్మికుడు రోజుకు వెయ్యికి పైగా కాయలు ఇలా ఒలుస్తాడు. అన్నిసార్లు పొడిచినా చిప్ప పగలకపోవడంలో సగం గొప్ప అతని చేతిది, మిగతా సగం ఆ కొసని సాగగొట్టిన కమ్మరిది.

పనిముట్టు మంచిదో కాదో చూడాలంటే దాని మెరుపూ బరువూ కాదు, మనిషి బలం దిక్కు మార్చుకునే చోటు చూడాలి. ఇది నా గట్టి నమ్మకం. గునపంలో ఆ చోటు మొన. కటింగ్ ప్లేయర్‌లో రివెట్టు. ఉలిలో పిడి మొదలయ్యే మెడ. కత్తిలో పిడి లోపలికి దిగిన తోక. తయారుచేసినవాడు ఎంత ఆలోచించాడో, ఎక్కడ తొందరపడ్డాడో ఆ చోటే చెప్పేస్తుంది.

కోనసీమ ఇళ్లల్లో ఇలాంటి చూపున్నవాళ్లు ఉన్నారు. వీళ్లు వడ్రంగులూ కాదు, మెకానిక్కులూ కాదు. బడి నుంచి రిటైరైన మేష్టారు, బ్యాంకులో పనిచేసే కుర్రాడు, కొబ్బరి తోట ఉన్న రైతు. బండి పెట్టుకునే షెడ్డులో ఒక గోడకి మేకులు కొట్టుకుంటారు, ఒక బల్లకి వైస్ బిగించుకుంటారు, నెలకో రెండు నెలలకో ఒక పనిముట్టు కొనుక్కుంటారు. ఒకరి షెడ్డుకి మరొకరు వచ్చినప్పుడు ముందు గోడ వైపే చూస్తారు. "కొత్తదాండీ మేష్టారూ?" "ఆయ్, మొన్న అమలాపురం వెళ్తే తెచ్చానండి." ఆ మాటలయ్యేలోపే వస్తువు చేతులు మారిపోతుంది. కాఫీలు తర్వాత.

అలాంటి గోడల దగ్గర నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది చేతి మీటతో కొబ్బరికాయ ఒలిచే సాధనం. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం 'కేరమిత్ర' పేరుతో రూపొందించిన పద్ధతి ఇది. ఒక్క మొనలా కనిపించేది నిజానికి ఒకదానికొకటి ఆనుకున్న రెండు ఆకులు. ఒకటి కదలదు, నిలువు కడ్డీకి అతికి ఉంటుంది. రెండోది కీలు మీద తిరుగుతుంది, దానికో పొడవాటి పిడి ఉంటుంది. మూసిన ఆకుల మీద కాయని గుచ్చి పిడిని పైకి లాగితే ఆకులు విచ్చుకుని పీచుని లోపలి నుంచి తెరుస్తాయి. కాయని కొంచెం తిప్పి మళ్లీ గుచ్చితే మరో డొక్క ఊడుతుంది. గునపం మీద భుజాలూ నడుమూ చేసిన పక్కతిప్పుడు ఇక్కడ లేదు. ఆ పనంతా కీలు చేస్తుంది. నిటారుగా నిలబడి, పండగకి కావలసిన పాతిక కాయలు ఇంట్లో ఆడవాళ్లే, పెద్దవాళ్లే ఒలుచుకోగలుగుతారు.

దీన్ని కొనేటప్పుడు రంగు చూడకండి, కీలు మేకు చూడండి. పిడి పొడవు ఆకు పొడవుకి అయిదింతలుంటే చేతి బలం ఆకు కొసన అయిదింతలవుతుంది. ఆ భారమంతా పడేది వేలెడు లేని ఒక ఇనుప మేకు మీద. మేకుకి రెండు పక్కలా ఆధారముంటే ఏళ్ల తరబడి బిగువు చెడదు. ఒక పక్కే పట్టుకుని రెండో పక్క గాల్లో వేలాడుతుంటే కొద్ది వందల కాయలకే రంధ్రం కోలగా అరిగిపోతుంది, ఆకులు మూసినా సందు మిగులుతుంది. సందున్న మొన పీచులోకి సులువుగా దిగదు. నేను చూసిన మంచి నమూనాలో మేకు దగ్గర చిన్న నూనె రంధ్రం కూడా ఉంది. ఎవరు పెట్టారో గానీ, ఈ వస్తువు పదేళ్ల తర్వాత ఎలా ఉండాలో ఆలోచించిన మనిషి ఆయన.

చెట్టెక్కే సాధనమూ కేరళ నుంచే వచ్చింది. కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన ఎం.జె. జోసఫ్ అనే రైతు తయారుచేశాడు. ఒక్కో కాలికి ఒక్కో చట్రం, ఒక్కో చట్రం నుంచి చెట్టు చుట్టూ తిరిగి వచ్చే ఇనుప తీగ తాడు. కాలు మోపితే మనిషి బరువే తాడుని బిగిస్తుంది, కాలెత్తితే తాడు వదులై పైకి జరుగుతుంది. ఎంత బరువైతే అంత పట్టు. దింపు కార్మికుడు కాళ్లకి వేసుకునే బందంలోనూ ఇదే కిటుకు ఉంది, కాకపోతే అక్కడ చర్మం కూడా రాసుకుపోతుంది. మన దేశవాళీ చెట్టు ఇరవై మీటర్లు దాటి పెరుగుతుంది గనుక నడుముకి రక్షణ బెల్టు లేకుండా దీన్ని ఎవరూ వాడకూడదు.

ఇక కత్తి. గెల కోయడానికీ, మట్ట నరకడానికీ, బొండం చెక్కడానికీ వాడే కత్తిని ఇప్పటికీ కొలిమి దగ్గర చేయించుకునేవాళ్లు ఉన్నారు. ఇనుము ఎక్కడిదని అడిగితే లారీ కమాను కట్ట అంటారు. అది బాగా తెలిసి చేసుకున్న ఎంపిక. లక్షల సార్లు వంగి మళ్లీ నిలబడటానికి చేసిన ఉక్కు అది, కర్బనం అర శాతం పైచిలుకు ఉంటుంది. అందుకే అంచు గట్టిపడుతుంది, ఒళ్లు విరగదు. కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, దాగలి మీద సాగగొట్టి, వెన్ను మందంగా, అంచు పలచగా తెస్తాడు. తర్వాతది అసలు ఘట్టం. కాగిన కత్తిని నీళ్లలోనో నూనెలోనో ముంచితే గాజంత గట్టిపడుతుంది, గాజంత పెళుసూ అవుతుంది. ఆ పెళుసుతనం తీయడానికి మళ్లీ సన్నటి వేడి చూపించాలి. ఒక పక్క రుద్ది తెల్లగా చేసిన ఉక్కు మీద రంగులు నడుస్తాయి. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఆ తర్వాత వంగపండు రంగు, చివరికి నీలం. పసుపు దగ్గర వేడి రెండు వందల ఇరవై, ముప్పై డిగ్రీలు. నీలం దగ్గర దాదాపు మూడు వందలు. ఉలికైతే పసుపులో ఆపాలి. దెబ్బలు తినే నరుకుడు కత్తికి వంగపండు రంగు దాటనివ్వాలి. థర్మామీటరు లేదు, గడియారం లేదు, కొలిమి మూల చీకట్లో కన్నే కొలమానం. వేడిని కంటితో చదివే ఈ విద్య తెలుగు నేలలో పాతది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో ఉక్కు తీసే పద్ధతిని భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ స్వయంగా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అక్కడి దాకా వచ్చేవారు.

కత్తి చేతికి రాగానే నేను చూసేది అంచు కాదు. వెన్నుని కంటికి ఎదురుగా పట్టి ఒంకర ఉందేమో చూస్తాను, ఆ తర్వాత పిడి. తోక పిడి లోపల ఎంత దూరం వెళ్లింది? పిడి చీలకుండా వేసిన పొన్ను బిగువుగా ఉందా? మట్ట మీద దెబ్బ వేసిన ప్రతిసారీ ఎదురొచ్చే అదురు ఆ పొన్ను దగ్గరే ఆగాలి. ఆగకపోతే అది మణికట్టుకి చేరుతుంది.

కొబ్బరి కలపతో పని పెట్టుకున్నప్పుడు ఉలి, చిత్రిక ఎలాంటివో తేలిపోతుంది. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కోనసీమలో ఏ ఊళ్లో చూసినా ఈ కలపే పడి ఉండేది. దూలాలకీ వాసాలకీ ముదురు చెట్టు కావాలని ఇక్కడ చిన్నపిల్లలకైనా తెలుసు. ఈ కలపకి టేకులా వలయాలుండవు. అడ్డంగా కోస్తే నల్లటి చుక్కలు, నిలువుగా కోస్తే నల్లటి గీతలు. చుక్కలు అంచు దగ్గర దట్టం, నడుమకి పోయేకొద్దీ పలచన. అందుకే అంచు కలప ఇనుములా ఉంటుంది, నడుమ కలప గోరు దిగేలా ఉంటుంది. ఒకే చెక్క మీద చిత్రిక ఒక అడుగు బరబరలాడుతుంది, తర్వాత అడుగు జారిపోతుంది. కొద్దిగా మొద్దుబారిన ఆకైనా ఆ నల్లటి పోగుల్ని కోయదు, పీకేస్తుంది.

ఒక మేష్టారి బల్ల మీద రెండు చిత్రికలు పక్కపక్కన చూశాను. ఒకటి ఆయన తండ్రిగారిది, చెక్క ఒళ్లు, ఆకుని బిగించే చెక్క చీల. ముందు వైపు కొయ్యసుత్తితో తడితే ఆకు వెంట్రుకవాసి వెనక్కి వస్తుంది, ఆకు తల మీద తడితే అంతే ముందుకి దిగుతుంది. రెండోది కొత్తగా కొన్నది, ఇనుప ఒళ్లు, వెనక ఇత్తడి చక్రం. చక్రం తిప్పితే లోపలి మీట ఆకుని ముందుకో వెనక్కో నెడుతుంది. 1860లలో అమెరికాలో లెనార్డ్ బెయిలీ కనిపెట్టిన అమరిక ఇది. 1869లో స్టాన్లీ కంపెనీ ఆ హక్కులు కొనుక్కుంది, ఆ తర్వాత అది ప్రపంచమంతా వ్యాపించింది. చక్రం వల్ల కొత్తవాడికీ పని సులువైంది, నిజమే. కానీ నా మనసు ఆ చెక్క చీల మీదే నిలిచింది. రెండు ఏటవాలు ముఖాలు ఒకదాన్నొకటి అదుముకుంటూ ఆకు వెడల్పంతా సమంగా పట్టుకున్నాయి, కాగితం దూరే సందు లేదు. స్క్రూ లేకుండా, స్ప్రింగు లేకుండా ఆ బిగువు రావాలంటే చీలని చెక్కినవాడి ఉలి ఎంత నిటారుగా నడిచి ఉండాలి!

మామూలు కొనుగోళ్లలోనూ చూడదగ్గది ఉంటుంది. మన ఊళ్లల్లో ఏ హార్డ్‌వేర్ కొట్టులో అడిగినా దొరికే టపారియా కటింగ్ ప్లేయర్‌నే తీసుకోండి. ఆ సంస్థ 1969లో స్వీడన్ సంస్థ సాంకేతిక సహకారంతో చేతి పనిముట్లు చేయడం మొదలుపెట్టింది. కొట్టు గుమ్మంలో నిలబడి ప్లేయర్ మూసి వెలుతురుకి పట్టండి. తీగ కోసే అంచుల మధ్య వెలుగు కనిపించకూడదు. తెరిచి మూస్తే రివెట్టు దగ్గర మెత్తగా తిరగాలి, పక్కకి ఊపితే కదలకూడదు. ఈ రెండూ ఒకేసారి సాధించడం తేలిక కాదు. వదులుగా చేస్తే మెత్తగా తిరుగుతుంది, బిగిస్తే ఊగడం ఆగుతుంది. రెండింటి మధ్య కాగితమంత దూరంలో రివెట్టుని ఆపిన చేతికి నమస్కారం పెట్టాలనిపిస్తుంది.

అంబాజీపేట చుట్టుపక్కల ఇళ్లల్లోని పనిముట్లన్నీ ఒకేసారి గోడ దిగే రోజులు సంక్రాంతి ముందు వస్తాయి. మొసలపల్లి జగ్గన్నతోటలో కనుమ నాడు జరిగే ప్రభల తీర్థానికి పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు, జనం భుజాన మోసే ఎత్తైన ప్రభల మీద తరలివస్తారు. 2023 జనవరి 26న ఢిల్లీ కర్తవ్యపథ్‌లో రాష్ట్ర శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే. ప్రభ కట్టేవాళ్లలో చాలామందికి అది బతుకుతెరువు కాదు, ఇష్టం. కర్రలూ వెదురూ తాళ్లూ కొత్త బట్టలూ తెచ్చి తమ చేతులతో తామే కడతారు.

వెదురు చీల్చడం చూస్తే బలం తిరిగే చోటు గురించి ఇందాక అన్న మాట మళ్లీ గుర్తొస్తుంది. కత్తి పని బొంగు తల దగ్గరే అయిపోతుంది. ఒక్క దెబ్బతో నోరు తెరిపించాక చీలిక తనంతట తాను కణుపుల మీదుగా పరిగెడుతుంది. అది నడుమ నుంచి తప్పి ఒక పక్క బద్ద పలచబడుతుంటే కొత్తవాళ్లు కత్తితో సరిచేయబోతారు, చీలిక ఇంకా పక్కకి పోతుంది. తెలిసినవాళ్లు కత్తి జోలికే పోరు. మందంగా ఉన్న సగాన్ని చేత్తో ఎక్కువ వంచుతారు. వంచిన వైపుకే చీలిక మళ్లుతుంది, రెండు బద్దలూ మళ్లీ సమానమవుతాయి. ఇక్కడ బలం తిరిగే చోటు ఇనుములో లేదు, వెదురు నడుమ కంటికి కనబడకుండా పరిగెడుతున్న ఆ చీలిక కొసన ఉంది. దాన్ని వేళ్లతో నడిపిస్తారు.

కట్లు కూడా అంతే శ్రద్ధగా వేస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువలో దిగి నీళ్లలో నడిచి గట్టెక్కాలి. భుజాలన్నీ ఒకే ఎత్తులో ఉండవు, కాళ్లన్నీ ఒకేసారి పడవు. అంత పొడుగు ప్రభ అటూ ఇటూ ఒరిగినప్పుడు ప్రతి కట్టూ కాస్త కదిలి మళ్లీ తన చోటికి రావాలి. జగ్గన్నతోటకి జనమంతా కనుమ నాడు వెళ్తారు. ఈ పనితనం చూడాలనుకునేవాళ్లు అంతకు కొన్నాళ్ల ముందే, ప్రభకి ఇంకా బట్ట కట్టకముందే ఆ ఊళ్లకి వెళ్లాలి. బట్ట ఎక్కాక కట్లు కనబడవు.