శకుంతల : రెండు పరిత్యాగములు

శకుంతలాదుష్యంతుల కథను విమర్శించినవారిలో బెక్కండ్రు కాళిదాసనాటకమునే ప్రధానముగా గైకొని దుర్వాసశ్శాపమును, అంగుళీయకమును, రాజు మఱపును విచారించుచు వచ్చిరి. ఈ మూడును వ్యాసభారతమున లేవు. అచ్చటి రాజు మఱచినవాడు గాడు, ఎఱిగియు నెఱుగనన్నవాడు. అట్టివాని యెదుట, నిండుసభలో, కుమారుని వెంట నిడుకొని నిలిచిన శకుంతల పలుకులలో నొకటి విశేషవిచారమున కర్హమైనది. బాల్యమున బంధువులు తన్ను విడిచిరనియు, ఇప్పుడు భర్తయు విడుచుచున్నాడనియు, ఇట్లగుటకు బూర్వజన్మమున దానేమి దుష్కర్మ మొనర్చెనో యనియు నామె వాపోయినది. బాల్యమున దగిలిన గాయమునకును దాంపత్యమున బొందిన హింసకును గల సంబంధమెట్టిదను ప్రశ్న నేటి మనశ్శాస్త్రజ్ఞులు విస్తారముగా బరిశోధించుచున్న ప్రశ్నయే. ఇతిహాసము దానికిచ్చిన సమాధానము వాక్యనిర్మాణమును బరిశీలించినగాని తేటపడదు.

ముందుగా జన్మవృత్తాంతము. మేనక హిమవత్పార్శ్వమున మాలినీనదీతీరమందు శిశువును గని, యచ్చటనే విడిచి యింద్రసభకు మరలిపోయినది. నిర్జనవనమున శకుంతపక్షు లా శిశువును జుట్టి కాపాడెను. కణ్వమహర్షి కనుగొని తెచ్చి, పక్షులచే రక్షింపబడినదగుటచేత శకుంతలయని పేరిడెను. శకుంతశబ్దమునకు ఆదానార్థకమైన 'లా' ధాతువును జేర్చి, పక్షులచే గ్రహింపబడినదని వ్యుత్పత్తి చెప్పవచ్చును. పేరు పిలిచినప్పుడెల్ల తల్లి విడిచిన సంగతియు, ఇతరులు చేరదీసిన సంగతియు నొక్కమారే స్ఫురించును. కథ నడుచుటకు ఈ రెండును గావలసినవే. దేహమునిచ్చినవాడు, ప్రాణమును నిలిపినవాడు, అన్నము పెట్టినవాడు, ఈ మువ్వురును దండ్రులేయని కణ్వుడు చెప్పిన ధర్మమునకు గూడ నిదియే స్థానము.

శిశువునకు దన్ను బెంచువారియందేర్పడు అనుబంధమును శాస్త్రముగా నిరూపించినవాడు ఆంగ్లేయవైద్యుడు జాన్ బౌల్బీ. అతని గ్రంథత్రయము 1969, 1973, 1980 సంవత్సరములలో వెలువడినది. మేరీ ఎయిన్స్‌వర్త్ ఉగాండాలోను, అమెరికాలోని బాల్టిమోరు నగరమునను తల్లులను శిశువులను బరిశీలించి యా సిద్ధాంతమునకు బ్రత్యక్షప్రమాణములను గూర్చినది. పెంచువారు పిలిచినంతనే పలుకుదురా, విడిచిపోవుదురా యను ననుభవమునుబట్టి, తాను ప్రేమ కర్హమా, పరులు నమ్మదగినవారా యను రెండు తలపులు శిశువు మనస్సున రూపుగట్టుననియు, పెరిగినపిమ్మట దాంపత్యాది సంబంధములం దవి పనిచేయుననియు నీ సిద్ధాంతసారము. 1991లో బార్తొలొమ్యూ, హొరొవిట్జ్ అను పరిశోధకు లీ రెండు తలపుల మేళనమునుబట్టి వయస్కుల యనుబంధములను నాలుగు విధములుగా విభజించిరి. తన్ను దక్కువగాను, పరులను నమ్మరానివారిగాను దలంచు భయశీలమైన యనుబంధము వానిలో నొకటి.

అనుబంధశబ్దము వైయాకరణులకు సుపరిచితము. కృతశబ్దమున క్తప్రత్యయముయొక్క కకారము లోపించును. చెవికి వినబడదు, కంటికి గనబడదు. అయినను గుణమును నిషేధించినది యా కకారమే. బాల్యానుభవమును నట్టిదే. అది గతించియు బిమ్మటి రూపమున దన కార్యమును జూపును. ఇది యూహమాత్రము గాదు. 2019–21 సంవత్సరముల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 మొదలు 49 ఏండ్ల వయస్సులోనుండి వివాహమైన స్త్రీలలో నూటికి సుమారు 29 మంది భర్తవలన హింసను బొందినట్లు తేలినది. తండ్రి తల్లిని గొట్టుట చూచి పెరిగిన స్త్రీలలో నీ హింస మిగిలినవారికంటె మిక్కిలి హెచ్చని యా సర్వేలు మరల మరల చూపినవి.

ఇంతవఱకు వివాదము లేదు. ఇందుండి యొక పూర్వపక్షము పుట్టుచున్నది. విడువబడిన శిశువు ప్రేమకై దప్పిగొని పెరుగును. అట్టి కన్య వచ్చిన మొదటి పురుషుని విచారింపక నమ్మును. కనుక శకుంతల కష్టమునకు బీజము ఆమె మనస్సునందే యున్నదని యా వాదము. కథ దీనికి సాక్ష్యమీయదు. ఇతిహాసమున దుష్యంతుడు గాంధర్వవివాహమును గోరినప్పుడు, ఆమె తొలుత తండ్రి వచ్చుదాక వేచియుండుమన్నది. రాజు ధర్మశాస్త్రమును జెప్పి యొప్పింపజూడగా, తనకు బుట్టు కుమారునికి యువరాజపదవి నిత్తునని మాటయిచ్చినగాని సమ్మతింపనన్నది. ముందువెనుకలు చూచుకొని సమయబంధము చేసికొన్న కన్యను దప్పిగొన్నదనుట తగదు. ఆమె జాగ్రత్తలో లోపము లేదు. మాట నిలుపనివాడు రాజు.

ఇక నా వాపోతలోని వాక్యనిర్మాణము. మూలమున క్రియాపద మొక్కటే: త్యక్తా. త్యజధాతువుమీద గర్మార్థమున వచ్చిన క్తప్రత్యయము. విడువబడినది శకుంతల. విడిచినవా రిరువురు: బంధువులు, భర్త. ఇరువురును దృతీయావిభక్తియందే యున్నారు. తృతీయ కర్తయందు వచ్చునని పాణిని 2-3-18 చేతను, హేతువునందు వచ్చునని 2-3-23 చేతను విధించెను. ఇచ్చటి తృతీయలు రెండును గర్తృతృతీయలే. క్రియావిషయమున స్వతంత్రుడైనవాడు కర్తయని 1-4-54 వలన సిద్ధము. విడువక యుండుటకును శక్తిగలవాడే విడిచినవాడని దీని యభిప్రాయము. బాల్యమన్ననో సప్తమియందున్నది. అది కాలాధికరణము; మొదటి విడుపు జరిగిన కాలమును దెలుపును. రెండవ విడుపునకు బాల్యమును హేతువుగా జెప్పు పదము వాక్యమున లేదు. హేతుస్థానమున నామె నిలిపినది పూర్వకర్మమును. అదియు బ్రశ్నరూపమున నున్నది; నిర్ణయముగా లేదు.

11వ శతాబ్దిలో నన్నయభట్టు ఈ తావును దెనిగించుచు విడువబడు అను కర్మణిరూపమునే రెండుమారులు వాడెను. తల్లిదండ్రులకును భర్తకును జేతవర్ణకమునే చేర్చెను. అంతటితో బోక, మొదటి విడుపును భూతకాలమున నిశ్చయముగా జెప్పి, రెండవదానికి సందేహార్థకమైన 'ఒక్కొ'ను జేర్చెను. తొలి గాయము మానిపినను మానక స్థిరపడినది. రెండవది ఇంకను జరుగుచున్నది, తప్పింపదగినది. తెలుగు శకుంతల రాజునకు మరలుట కవకాశ మిచ్చుచునే మాటాడుచున్నది.

ఆ యవకాశమును రాజు గైకొనలేదు. అతని ప్రత్యుత్తరము మిక్కిలి క్రూరమైనది. స్త్రీలు అసత్యవాదినులనుటతో నాగక, ఆమె చెప్పిన జన్మకథనే యామెపై నాయుధముగా ద్రిప్పెను. వాడిన నిర్మాల్యమువలె నిన్ను బాఱవైచిన తల్లి వేశ్యయనియు, తండ్రి కాముకుడనియు, నీ మాటలు నట్టివేయనియు నిందించెను. కాళిదాసుడు ఈ మాటలను దొలగించెను గాని గాయమునకు గుఱిపెట్టుటను దొలగింపలేదు. పంచమాంకమున రాజు కోయిలలు తమ పిల్లలను బరపక్షులచే బెంపించుకొనునని దెప్పును. తల్లి విడువగా బక్షులు కాచిన కన్యకు నా మాట యెట్లు తగులునో వేఱుగ జెప్పనక్కఱలేదు. మేనకమాట యెత్తకయే మేనకను జూపినాడు. అంతవఱకు వినయముతో నున్న శకుంతల యప్పుడే యతనిని అనార్యుడనినది. భారతదేశమున 2005లో శాసనమైన గృహహింసానిరోధకచట్టము మాటలచేతను, మనస్సును నొప్పించుటచేతను జేయు బాధను గూడ హింసగానే పరిగణించినది. దుష్యంతుడు చేయి యెత్తలేదు గనుక హింసింపలేదనుట చట్టమునకును గాదు, కావ్యమునకును గాదు.

ఈ నిందకు వ్యాసుని శకుంతల కుంగిపోవలసినది. తన జన్మము నిజముగా హీనమని తలంప వలసినది. అట్లు కాలేదు. పరుల యావగింజంత తప్పులను జూచి, తన మారేడుపండంత తప్పులను జూడనివాడవని రాజును నిలదీసినది. నా తల్లి దేవతలలో జరించునది, నా జన్మము నీ జన్మముకంటె నధికమనినది. పిమ్మట సత్యము అశ్వమేధసహస్రమునకు మించినదని బోధించినది. పూర్వజన్మపాపమును వెదకికొన్న నోటితోనే యీ మాటలెట్లు వచ్చినవి? కణ్వుని పెంపకమే యిందులకు సమాధానము. బాల్యమున విడువబడినను, పిమ్మట దయగల యొక్క పెంపుడు హస్తము నిలకడగా దొరకెనేని తొలి తలపులు మాఱుటకు వీలుగలదని యనుబంధశాస్త్రమును నంగీకరించును. మేనకవలన గలిగిన గాయము ఆమె ప్రశ్నలో వినబడుచున్నది. కణ్వునివలన గలిగిన బలము ఆమె ప్రత్యుత్తరములో వినబడుచున్నది. ఒకదానినే చూచువాడు సగము శకుంతలనే చూచినవాడు.

ఆకాశవాణి తీర్పును గమనింపదగినది. అది శకుంతల పూర్వకర్మమును బేర్కొనలేదు. ఆమె చెప్పినది సత్యమనియు, ఆమె నవమానింపవలదనియు రాజును శాసించినది. వాపోతలోని ప్రశ్నకు సమాధానము కర్తకే యిచ్చిన యాజ్ఞగా వచ్చినది. కాని కథాంతమున నొక మరక యున్నది. లోకాపవాదమునకు వెఱచి యట్లంటినని చెప్పిన రాజు, కోపమున నామె పలికిన యప్రియవచనములను దాను క్షమించితిననును! తప్పు చేసినవాడు క్షమాపణము గోరక క్షమను బ్రసాదించుచున్నాడు.

కాళిదాసుడు ఈ లోపమును సవరించెను. సప్తమాంకమున రాజు శకుంతల పాదములపై బడును. విడిచిపోయిన మేనకయే పంచమాంకాంతమున జ్యోతిరూపమున వచ్చి, భర్తయు, తోడివచ్చిన మునిశిష్యులును గూడ విడిచిన బిడ్డను గొనిపోవును. తల్లి మరలివచ్చుట యా మహాకవి హృదయమునకు దగినది. అయినను మఱియొకచోట నతడు వ్యాసునికంటె వెనుకబడెను. నాయకుని దోషమును శాపముపై నెట్టుటచేత గర్తకు స్వాతంత్ర్యము పోయినది. అందువలననే పాదములపైబడిన భర్తను లేవనెత్తుచు శకుంతల, దయాళువైన నీవు విరసుడవగుటకు నా పూర్వదుష్కృతమే కారణమనును. భారతమున బ్రశ్నగా నున్నది నాటకమున నిర్ణయమైనది. అచ్చట సభలో మొదలై సత్యవాక్యముతో దాటబడిన యాత్మనింద, ఇచ్చట మంగళాంతమున దిరిగివచ్చి స్థిరపడినది. సామాజికు లానందించు సమయమున నీ మాట వినబడుటచేత దాని బరువు తెలియకపోవుచున్నది.

పాఠశాలలలో శకుంతలకథను జెప్పు పండితులకు నిది కేవలము శాస్త్రచర్చ గాదు. వినుచున్న బాలికలలో, ఇంట దల్లి దెబ్బలు తినుట చూచినవా రుండవచ్చును. తామే విడువబడినవా రుండవచ్చును. సహనమే శకుంతల గుణమనియు, ఆమె కష్టము జన్మవశమున వచ్చినదనియు బోధించినచో, ఆ పిల్లలు తమ రాబోవు కష్టమునకు దామే హేతువులమని నేర్చుకొందురు. వారి బాల్యదుఃఖమును గుర్తింపవలయును. అది మనస్సున జేయు కార్యమును దెలిసికొనవలయును. కణ్వునివంటి పెంపకము దానిని మాన్పగలదని చెప్పవలయును. కొట్టినవాడెవడు, తిట్టినవాడెవడు, విడిచినవాడెవడు అను ప్రశ్న వచ్చినప్పుడు మాత్రము కర్తను గర్తగానే చూపవలయును. బాల్యము సప్తమిలోని మాట. దానిని దృతీయకు లాగుటకు వ్యాసుడు గాని, నన్నయ గాని యనుమతి యీయలేదు.