కథ ఎవరి నోట వింటున్నాం?

హైదరాబాదు శివారు కోకాపేటలో దొడ్డి కొమురయ్య పేరు మీద కట్టిన కురుమ భవనం ఉంది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీ గుండుకు నేలకొరిగిన కొమురయ్య కురుమల బిడ్డ. ఆ కురుమల ఇంటి కళ ఒగ్గుకథ. బీరప్ప కథ, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ రాత్రులకు రాత్రులు చెప్పే ఈ కళను చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి కళాకారులు ఊరి గుడి ముంగిలి నుంచి పెద్ద వేదికల దాకా తీసుకొచ్చారు. కథను ఎలా చదవాలో నేర్పమని ఎవరైనా అడిగితే నేను పుస్తకం కంటే ముందు ఒగ్గుకథ చూడమంటాను.

డోలు, తాళాల హోరు మధ్య ప్రధాన కథకుడు కథ ఎత్తుకుంటాడు. కాసేపు అతను అన్నీ తెలిసిన పెద్దమనిషి, దేవుడి పుట్టుక నుంచి చెప్పుకొస్తాడు. అంతలో పైబట్ట తలమీదికి లాక్కుంటాడు, గొంతు సన్నబడుతుంది, ఇప్పుడు అతను పుట్టింటిని తలచుకుని ఏడ్చే ఆడబిడ్డ. పక్కనున్న వంతగాడు 'అట్లనా, మరి ఆమె ఏమన్నది?' అని అడ్డు తగులుతాడు. అది వింటున్న మన గొంతు, మన అనుమానం. ముందు వరసలో కూర్చున్న ముసలవ్వకు బడి చదువు లేకపోవచ్చు కానీ, ఏ మాట కథకుడిది, ఏ మాట పాత్రది, ఏ మాట వంతగాడిదో ఆమె ఒక్కసారీ పొరబడదు. అచ్చు పుస్తకం చేతికొచ్చేసరికి మనలో ఆ చెవి మొద్దుబారుతోంది. అట్ట మీద ఒకరి పేరు ఉంది కదా అని లోపలి ప్రతి మాటా ఆయన అభిప్రాయమే అనుకుంటున్నాం.

మన విమర్శకులు ఈ సంగతిని దృష్టికోణం, కంఠస్వరం అన్న మాటలతో చర్చించారు. మదనపల్లెలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన వల్లంపాటి వెంకటసుబ్బయ్య రాసిన 'కథాశిల్పం' 1999లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకుంది. కథ లోపలి పనితనాన్ని ఎవరికైనా అర్థమయ్యే తెలుగులో విప్పి చెప్పిన పుస్తకం అది. రాసేవాళ్ళ కంటే చదివేవాళ్ళకే దాని అవసరం ఎక్కువని నా నమ్మకం.

చలం 'మైదానం'లో కథ చెప్పేది రాజేశ్వరి. ఆమె 'నేను' అంటుంటే అది చలం మాటేనని తీర్మానించి ఆయన్ని తిట్టినవాళ్ళూ, నెత్తిన పెట్టుకున్నవాళ్ళూ ఇద్దరూ ఆ స్త్రీ గొంతును సరిగా వినలేదు. తన ప్రేమ గురించి తనకు తాను చెప్పుకుంటున్న సమాధానాలు కూడా ఆ గొంతులో ఉన్నాయి. నామిని 'పచ్చనాకు సాక్షిగా'లో చిత్తూరు జిల్లా పల్లె పిల్లవాడు వాళ్ళమ్మ గురించి చెబుతాడు. వాడికి తమది లేమి అని తెలియదు, వాడికి తెలిసిన బతుకు అదొక్కటే. వాడు నవ్వుతూ చెప్పిన చోటే మనకు గొంతు పట్టేస్తుంది. పెద్దవాడొకడు అదే సంగతి జాలిగా చెప్పి ఉంటే ఆ పుస్తకంలో సగం బలం పోయేది.

ఈ పనితనానికి తెలుగులో నాకు తెలిసిన పరాకాష్ఠ కాళీపట్నం రామారావు 'యజ్ఞం'. 1960ల నడుమ వచ్చిన ఈ కథ సుందరపాలెం అనే పల్లెలో జరుగుతుంది. గోపన్నకు అప్పల్రాముడు బాకీ పడ్డాడు. పంచాయతీ కూర్చుంది. పెద్ద శ్రీరాములునాయుడు నిజంగానే మంచివాడు, ఊరిని బాగుచేసినవాడు, ధర్మం తప్పనివాడు. తగవు వివరాలతో పాటు ఆ ఊరు ఎలా పైకొచ్చిందో కూడా కథకుడు తొణకకుండా, ఊరందరి తరఫునా మాట్లాడుతున్నట్టు చెప్పుకుపోతాడు. నాయుడి మీద అతనికి గౌరవం ఉంది. అది చదివే మనకూ అంటుతుంది. తగవు ధర్మంగానే తేలుతుందని మనమూ కుదుటపడతాం. చివర అప్పల్రాముడి కొడుకు సీతారాముడు, తన బిడ్డ బానిసగా బతకకూడదని ఆ పసివాణ్ణి తన చేతులతోనే చంపేస్తాడు.

కథకుడు అక్కడ కూడా తీర్పు చెప్పడు. అందుకే రచయిత ఎవరి పక్షాన ఉన్నాడన్న వాదం ఏళ్ళ తరబడి నడిచింది. ఇదే కథను సీతారాముడి నోట చెప్పించి ఉంటే మొదటి పేజీలోనే మనం అతని వైపు చేరిపోయేవాళ్ళం. అప్పుడు మనకు బాధ కలిగేది కానీ మన తప్పు మనకు కనిపించేది కాదు. రామారావు మాస్టారు మనల్ని నాయుడి పక్కన, న్యాయం చెప్పేవాళ్ళ అరుగు మీద కూర్చోబెట్టాడు. ఊరి బాగును మెచ్చుకునే ఆ మర్యాదస్తుడి గొంతుతో పాటు మనమూ తలూపాం. బిడ్డ చావు ఆ తలూపుకి జవాబు. పేరు సంగతీ అప్పుడే తడుతుంది. యజ్ఞం లోకకల్యాణం కోసం చేస్తారు, యజ్ఞంలో బలిపశువు ఉంటుంది. ఆ పేరు రెండో వైపును కథకుడు ఎక్కడా మనకు వివరించడు.

ప్రతీక సంగతికొస్తే, మన దగ్గర దీని చర్చ ఇవాళ్టిది కాదు. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతం చెప్పాడు. అభిధ, లక్షణ, వ్యంజన అని మాటకున్న మూడు శక్తులను వివరించేటప్పుడు అలంకారశాస్త్రం తరతరాలుగా చూపే ఉదాహరణ గంగలో గొల్లపల్లె. నదిలో పల్లె ఉండదు కాబట్టి గట్టు మీద అని సర్దుకుంటాం, అది లక్షణ. అయినా గట్టు అనకుండా గంగలో అన్నందువల్ల ఆ పల్లె చల్లదనం, పావనత్వం మనసుకు తాకుతాయి, అది వ్యంజన.

కోకాపేటలో ఇవాళ ఈ పాఠం చెప్పడం చాలా తేలిక. గండిపేట మీద ఫ్లాట్ కొన్నారట అని మనం రోజూ అనుకుంటాం. ఇల్లు నీళ్ళ మీద తేలుతోందని ఎవరూ అనుకోరు. చెరువు కనిపించే ఎత్తు, గాలి, హోదా అన్నీ ఆ ఒక్క మాటలో వచ్చేస్తాయి. కానీ ఆ నీళ్ళకు ఇంకో కథ ఉంది. 1908లో మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తి వేలమందిని పొట్టనపెట్టుకున్న తర్వాత, వరదను ఆపడానికీ నగరానికి తాగునీళ్ళివ్వడానికీ 1920లో కట్టి ముగించిన జలాశయం ఉస్మాన్‌సాగర్. అదే గండిపేట. మూసీ వరద కథ తాత నోట విన్న మనిషి ఒక కథలో గండిపేట గురించి చదివితే అతనికి వినపడే ధ్వని వేరు. ప్రతీకకు అర్థం నిఘంటువులో దొరకదు. ఆ నీళ్ళను కథలో ఎవరు చూస్తున్నారో తేలితే తప్ప అవి దేనికి గుర్తో చెప్పలేం.

మనకున్న ఇంకో తొందర, కనిపించిన ప్రతి వస్తువునూ ప్రతీక చేసేయడం. దాశరథి రంగాచార్య తన నవలకు 'మోదుగుపూలు' అని పేరు పెట్టాడు. ఆకు రాలిన అడవిలో కొమ్మకొమ్మకూ నిప్పంటుకున్నట్టు పూసే ఆ పువ్వు తెలంగాణ తిరుగుబాటుకు గుర్తని ఎవరైనా చెబుతారు. అయితే మోదుగ ముందుగా చెట్టు. దాని ఆకుతో విస్తళ్ళు కుడతారు, పువ్వు ఉడికించి హోలీకి రంగు తీస్తారు. ఈ నేల మనుషుల చేతుల్లో ఎప్పటినుంచో ఉన్న పువ్వు కాబట్టే అది వాళ్ళ కోపానికి గుర్తు కాగలిగింది. వస్తువుగా బతకనిది ప్రతీకగా నిలబడదు. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అందులో గాలివాన కథానాయకుడు రావుగారి విలువల పతనానికి గుర్తని పాఠాల్లో చెబుతారు, నిజమే. కానీ ముందు ఆ తుపానులో మనం తడవాలి, ఆ రైల్వేస్టేషను గదిలో మనకు చలి వేయాలి.

నవీన్ 1969 నాటి 'అంపశయ్య' ఇక్కడికి దగ్గరి నవల. ఉస్మానియా హాస్టల్లో రవి అనే పేద విద్యార్థి ఒక్క రోజు, పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా. అతని మనసులో మెదిలే ప్రతి ఆలోచనా, సిగ్గూ, ఆకలీ చైతన్యస్రవంతిగా సాగుతాయి. భీష్ముడి పడక పేరు పెట్టడంలో సాహసముంది. ఎందుకంటే లోపల యుద్ధమేమీ కనిపించదు, బాకీలూ, పరీక్షలూ, గది గోడలూ తప్ప. ఆ బాణాలు గుచ్చుకునేది ఆలోచనల్లో కాబట్టి, ఆలోచనల గొంతులోనే నవల నడవాల్సి వచ్చింది. పేరునూ గొంతునూ విడదీస్తే ఆ పుస్తకంలో ఏదీ మిగలదు.

ఇక కథావస్తువు గురించి ఒక్క మాట చాలు. ఏం జరిగిందో చెబితే అది ఇతివృత్తం. చివర నేర్చుకున్నది ఏమిటని అడిగితే అది బడిపిల్లల నీతి ప్రశ్న. ఈ రెండూ వస్తువు కావు. కథ దేని గురించి మనల్ని కుదురుగా ఉండనివ్వదో అది వస్తువు. గొంతు మారితే అదీ మారుతుంది.

2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ భూముల వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. ఇతివృత్తం ఈ ఒక్క వాక్యమే అనుకుందాం. వేలం గదిలో ధర పెంచుతూ పోయిన బిల్డరు నోట ఇది చెప్పిస్తే వస్తువు గెలుపు కావచ్చు, గెలిచాక పట్టుకునే భయమూ కావచ్చు. ఆ చుట్టుపక్కల భూమిని ఏనాడో కొద్ది డబ్బుకు అమ్ముకున్న రైతు మనవడు, ఇప్పుడు అదే రోడ్డులో క్యాబ్ నడుపుతూ 'మా తాత ఇక్కడ గొర్లు మేపిండు సార్' అని వెనక సీటుకు చెబుతున్నాడనుకోండి, వస్తువు జ్ఞాపకం. వెనక సీట్లో విని ఊరుకున్న ఉద్యోగి నోట చెప్పిస్తే ఆ ఊరుకోవడమే వస్తువు. ఊరి బాగును మెచ్చుకునే మర్యాదస్తుడి గొంతులో, సుందరపాలెం కథకుడి గొంతులో, ఎవరినీ నిందించకుండా రోడ్ల గురించీ దీపాల గురించీ చెప్పిస్తే ఏమవుతుందో రాసి చూడాలి. ఆ కథ రాయడానికి భూమి ధరలు తెలిసినవాడి కంటే కాళీపట్నం రామారావును గొంతు కోసం చదివినవాడే పనికొస్తాడు.