వేడి మూల, చల్లటి మూల

పాముల పెంపకం మీద దొరికే పుస్తకాలు చాలావరకు చలిదేశాల వాళ్లు రాసినవి. పెట్టెను ఎలా వెచ్చబెట్టాలన్నదే వాటిలో పెద్ద పాఠం. సికింద్రాబాద్‌లో ఆ పాఠం డిసెంబరు, జనవరి రాత్రుల్లో అక్కరకొస్తుంది. మిగతా ఏడాదంతా మన తిప్పలు వేడిని బయటికి పంపడానికే. బేగంపేట వాతావరణ కేంద్రం రికార్డుల్లో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. అంత కాకపోయినా మేలో నలభై దాటే రోజులు మనకు మామూలే. మనిషి చెమటోడ్చి తట్టుకుంటాడు, కుక్క నాలుక చాపి రొప్పుతుంది. పాముకు చెమట పట్టదు. చల్లటి చోటు వెతుక్కుంటూ పాకిపోవడమే దానికున్న పెద్ద ఉపాయం. పాకినా చల్లటి చోటు దొరకని పెట్టెలో పెడితే ఆ ఉపాయం కూడా మనమే లాగేసుకున్నట్టు.

మారేడ్‌పల్లిలో మా ఇంట్లో ఉన్నది బాల్ పైథాన్. మా మేనల్లుడిది. వాడు ఆఫీసుకెళ్తే పగలంతా దాని బాగోగులు నావి. ఎండాకాలం మధ్యాహ్నం తప్పకుండా ఫోన్ చేస్తాడు.

"మామయ్యా, టెంపరేచర్ ఎంతుంది?"

"ఏ మూలదిరా?"

ఈ పెంపకమంతా ఆ ఎదురు ప్రశ్నలోనే ఉందని నా నమ్మకం. పాము పెట్టెకు ఒకే ఉష్ణోగ్రత ఉండకూడదు. ఒక కొస 31, 32 డిగ్రీలు, రెండో కొస 25, 26 ఉండాలి. రెండు చోట్లా దాక్కోవడానికి ఇరుకైన గూడు ఉండాలి. తిన్నాక అరగడానికి వెచ్చటి వైపు చేరుతుంది, చాలనుకుంటే చల్లటి వైపు జరుగుతుంది. ఎప్పుడెక్కడ ఉండాలో దానికి మనకంటే బాగా తెలుసు. ఎంచుకునే వీలు కల్పించడం వరకే మన పని. దాక్కునే గూడు ఒక్క వైపే పెడితే భయస్తురాలైన పాము ఒళ్లు కాలుతున్నా అందులోంచి కదలదు.

ఆఫ్రికాలో ఘానా, టోగో, బెనిన్ ప్రాంతాల్లో ఈ పాములు ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో పగలంతా గడుపుతాయి. మన నాగుపాము పుట్టలో దూరేదీ చల్లదనం కోసమే. పైన ఎండ మాడ్చేస్తున్నా పుట్ట లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. చెదలు తమ బతుకు కోసం కాపాడుకున్న ఆ తేమ పాముకూ పనికొస్తుంది. పుట్టకు పాలు పోసే మనం ఆ మట్టిలోని పనితనాన్ని ఒక్కసారి తలుచుకోవాలి. కరెంటు లేదు, థర్మోస్టాట్ లేదు. అయినా పగలూ రాత్రీ పెద్ద తేడా రానివ్వదు.

తేమ దగ్గర చాలామంది తికమకపడతారు. పెట్టెలో రెండు తేమ మీటర్లు పెడితే చల్లటి వైపు 60 శాతం, వేడి వైపు 40 శాతం చూపిస్తాయి. మీటరు చెడిపోయిందనుకుని కొత్తది కొంటారు. నిజానికి రెండు వైపులా గాలిలో ఉన్న నీరు దాదాపు ఒకటే. వెచ్చటి గాలికి ఇంకా ఎక్కువ నీటిని పట్టుకునే శక్తి ఉంటుంది కాబట్టి అక్కడ శాతం పడిపోతుంది. అందుకే పెట్టెలో వేడి పెంచినప్పుడల్లా తేమ సంగతి కూడా చూడాలి.

తేమ సరిపోయిందా లేదా అన్నది కుబుసం చెబుతుంది. విడిచే ముందు చర్మం మసకబారుతుంది, కళ్ల మీద పాలపొర కమ్ముతుంది. తర్వాత కళ్లు మళ్లీ తేటపడతాయి. కొద్ది రోజులకు మూతిని రాతికో గూటి అంచుకో రాసి కుబుసాన్ని పెదవి దగ్గర వదులు చేసుకుంటుంది. అంతా బాగుంటే తల నుంచి తోక కొస దాకా ఒకే ముక్కగా, లోపలిది బయటికి తిరగబడి వస్తుంది. నేను ముందు తల భాగం వెలుగుకు పట్టి చూస్తాను. రెండు కళ్ల చోట రెండు పారదర్శకమైన బిళ్లలు కనిపించాలి. కనిపించకపోతే అవి పాము కళ్ల మీదే ఉండిపోయాయన్నమాట. తర్వాత తోక కొస చూస్తాను. అక్కడ పాత చర్మం ఉంగరంలా బిగుసుకుంటే రక్తం ఆడక కొస ఎండిపోతుంది. చేత్తో పీకకూడదు. మూత ఉన్న చిన్న డబ్బాకు గుండ్రటి కంత కోసి, లోపల తడిపి పిండిన నాచు పరిచి పెడితే పామే వెళ్లి పడుకుంటుంది, చర్మం మెత్తబడుతుంది.

ఇక ఎండాకాలం సంగతి. కూలర్ పనితనం బయటి గాలి ఎంత పొడిగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. 40 డిగ్రీల ఎండలో తేమ 20 శాతమే ఉంటే మంచి కూలర్ గాలిని 26 దాకా దించగలదు. పైగా తేమనూ ఇస్తుంది. మేలో పాముకు అంతకంటే మంచి నేస్తం లేదు. అదే కూలర్ ఆగస్టులో, గాలిలో 80 శాతం తేమ ఉన్నప్పుడు, 30 డిగ్రీలను 27కు కూడా దించలేదు. గదిని చెమ్మ చేసి బూజు పట్టిస్తుంది. ఏసీ దీనికి తిరగేసిన వ్యవహారం: చల్లబరుస్తుంది, గాలిని పొడిబారుస్తుంది. ఏసీ గదిలో నీళ్ల గిన్నె పెద్దది పెట్టాలి, కొబ్బరిపొట్టు పరుపు అడుగున కాస్త తడి ఉంచాలి. వానాకాలంలో నాచు తీసేసి గాలి ఆడనివ్వాలి. తడి నేల మీద రోజుల తరబడి పడుకున్న పాముకు పొట్ట పొలుసులు పొక్కుతాయి. చల్లదనానికి తడి తోడైతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. నోటి దగ్గర బుడగలు, ఈల లాంటి శ్వాస కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

పెట్టె కంటే ముందు గది ముఖ్యం. స్లాబు కింది పై అంతస్తు గది రాత్రి పొద్దుపోయాక కూడా సెగలు కక్కుతుంది. డాబా మీద తెల్ల సున్నం కొట్టిస్తే తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చిందీ అందుకే. కరెంటు పోయినప్పుడు గడ్డకట్టిన నీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పెట్టె మూత మీద ఒక వైపు పెట్టాలి, లోపల కాదు.

కరెంటుతో పనిలేని ఏర్పాటూ ఉంది. మద్రాసు దగ్గర 1978లో మొదలైన ఇరుల గిరిజనుల సహకార సంఘం విషం తీసే పాములను మట్టి కుండల్లో ఉంచుతోంది. లోపల ఇసుక, మూతికి నూలు గుడ్డ. గాలి ఆడుతుంది, చీకటిగా ఉంటుంది. కొన్నాళ్లకు పాముల్ని మళ్లీ అడవికే వదిలేస్తారు. నాగుల పంచమికి మన వీధుల్లోకి వచ్చే పాములవాడి బుట్టను దీని పక్కన పెట్టి చూడండి. అందులో వేడి మూలా లేదు, చల్లటి మూలా లేదు, నీళ్ల గిన్నె అంతకంటే లేదు. రోజుల తరబడి దప్పికతో ఉంచిన పాము ముందు పాలు పెడితే తాగుతుంది. అది భక్తికి మెచ్చి తాగడం కాదు, నీటికి అల్లాడి తాగడం. పాలు దానికి అరగవు. 1995లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ జంటనగరాల్లో ఏటా వేల పాములను కాపాడుతోంది. పండుగ రోజుల్లో అటవీ శాఖతో కలిసి ఈ బుట్టల్లోని పాములనూ విడిపిస్తుంది.

మన నేల మీది పాములను ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నాగుపాము, కొండచిలువ, రెండు తలల పాము, ఏదైనా సరే. ఇంట్లోకి వస్తే సీసాలోకి తోసి ఎండలో పెట్టకండి. దూరంగా నిలబడి, అది ఏ మూలన ఉందో కనిపెడుతూ, పాములు పట్టేవాళ్లకో అటవీ శాఖకో ఫోన్ చేయండి. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతులకు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొంటే దొంగ రవాణాకు మీరే డబ్బు పెట్టినట్టు.

అన్నీ సక్రమంగా ఉండి, పెంచాలని మనసు పడితే, ముందు ఒక థర్మామీటరు కొనండి. మే నెలంతా మీ ఇంట్లో మధ్యాహ్నం మూడింటికి ఒక్కో గదిలో పెట్టి చూడండి. కూలర్ వేసో ఏసీ వేసో 28 డిగ్రీల లోపు ఉంచగల గది ఒక్కటైనా లేకపోతే పామును తేవద్దు.