ఛందస్సు, దినచర్య, మఱపు

తెలుగు ఛందశ్శాస్త్రమున పుదుచ్చేరి పట్టణమునకు నొక చోటు కలదు. ఆ పట్టణమున ఫ్రెంచివారి దుబాసీగా నుండిన ఆనందరంగపిళ్ళకు కస్తూరి రంగకవి తన లక్షణగ్రంథము నంకితము చేసి, ఆతని పేరనే దానిని 'ఆనందరంగరాట్ఛందము'గా వెలయించెను. కృతిపతియైన పిళ్ళ 1736 మొదలు 1761 వఱకు తమిళమున దినచర్య వ్రాసెను. జ్ఞాపకమును నిలుపు రెండు విద్య లిట్లొక్క పేరిట చేరినవి. ఒకటి జరిగినదానిని కాగితమున భద్రపఱచునది. రెండవది మాటను నాలుకపై నిలుపునది.

యతిప్రాసలను సొగసులని మెచ్చినవారును, నిర్బంధములని నిరసించినవారును గలరు. అవి ధారణకు ఆలంబనములనుట అంతకంటె మౌలికమైన మాట. కందమున నాలుగు పాదములందును రెండవ యక్షరమున ఒకే హల్లుండవలెను. ఒక పాదము జాఱినచో ప్రాస దానిని పిలిచి తెచ్చును. ఆటవెలదికి ప్రాసనియమము లేదు. వేమన పద్యములందు మకుటము ఆ లోటు కొంత తీర్చును.

ఈ గుణము విలువ మఱపు వ్యాధి సోకిన యింట తెలియును. 1906లో జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జీమర్ వర్ణించిన యా వ్యాధియందు సాధారణముగ క్రొత్త జ్ఞాపకములు ముందు సడలును. చిన్ననాట నేర్చిన పాటలు, పద్యములు పలువురిలో మఱికొంతకాలము నిలుచును. ఉదయమున నేమి తిన్నదో చెప్పలేని తల్లి శతకపద్యమును తుదముట్ట చెప్పుట కద్దు. "నేనెవరినో చెప్పు" మని యడుగుట ఆమెకు పరీక్ష. మొదటి పాదమెత్తి యాగుట ఆహ్వానము. ఆమె అందుకొననిచో పిలిచినవారే పూర్తిచేయవలెను, తప్పినచో దిద్దరాదు.

దినచర్యకును ఇట్టి యుపయోగము లేకపోలేదు. పేర్లు వ్రాసిన ఛాయాచిత్రముల పుస్తకము అట్టిదే. కాని తన వ్రాతను తనదిగ గుర్తింపలేనివానికి అది పరుల కథ. పిళ్ళ మరణించిన 1761 జనవరిలోనే పట్టణము ఆంగ్లేయుల వశమయ్యెను. 1846లో వెలుగునకు వచ్చిన యాతని దినచర్యను మద్రాసు ప్రభుత్వము 1904–1928 నడుమ పండ్రెండు సంపుటములుగ ఆంగ్లమున ప్రకటించెను. వ్రాత యజమాని లేకయు బ్రదుకును. పద్యమునకు చెప్పు నోరు, అందుకొను నోరు రెండును వలయును. రోగికి తోడుగా నుండువారికి పనికివచ్చునది ఈ పరాధీనతయే.

అయినను ఛందస్సు ఔషధము కాదు. పద్యము పూర్తిచేసిన తల్లి కొడుకును గుర్తించెనని తలచుట భ్రాంతి. ఆ భ్రాంతిని సుఖాంతముగ మలచుట కథకునికి సులభము. పద్యము ముగిసిన పిదప ఆమె "నీవెవరు, నాయనా?" అని మరల నడుగవచ్చును. ఆ ప్రశ్నను దాచని కథయే సత్యమునకు దగ్గఱ. ఆమె యడిగినను, ఆ నాలుగు పాదముల సేపు ఇద్దరును కలిసియుండిరనుట అబద్ధము కాదు.

నేటి బాలురలో పలువురకు శతకములు నోటికి రావు. సినిమా పాటలు వచ్చును. ముదిమిలో వారికి మిగులునవి అవియే కావచ్చును. దానికి కవులు అలిగి ప్రయోజనము లేదు. ఛందస్సును విడిచినవారికిని నోట నిలుచు మాటను వ్రాయు బాధ్యత తప్పదు.