ప్రాత వైద్యగ్రంథములు: ప్రతి విలువ

శివకాశికి చేరువనున్న తిరుత్తంగల్ నిన్ర నారాయణ పెరుమాళ్ సన్నిధివలన వైష్ణవులకు దివ్యదేశము. ఆ ప్రాంతమున తరతరములుగా తెలుగు మాటాడు కుటుంబములు పెక్కు కలవు. ఇంట తెలుగు, బజారున తమిళము. ఇట్టి చోట తాతలనాటి తాళపత్రపు కట్టయో, అట్ట యూడిన అచ్చుపుస్తకమో దొరకినపుడు లిపి చదువగలవారు ఇంటిలో నుండుట అరుదు. కావ్యమని తోచినచో పండితునకు చూపుదురు. వైద్యమని తెలిసినచో, ఈ మందులిపుడెవరికని అటకపై వేయుదురు. అటకపై వేయనివారును ఎక్కువగా అట్టను, ప్రాచీనతను చూచియే దాచుచున్నారు.

దక్షిణమున వైద్యగ్రంథ సేకరణకు మేలుబంతి తంజావూరు. నాయకరాజుల కాలమునుండి వచ్చిన సరస్వతీ మహలును, 1798 నుండి 1832 వరకు ఏలిన రెండవ శరభోజి మిక్కిలి పెంచెను. దేశభాషల వ్రాతప్రతుల సరసనే ఐరోపా భాషలలోని వైద్య, శరీరనిర్మాణ గ్రంథములను చేర్చెను. పెక్కు పుస్తకములపై ఆయన చేవ్రాలు నేటికిని కలదు. అయినను చేవ్రాలు స్వామ్యమును తెలుపునే గాని చదువును తెలుపదు. ఆ సేకరణకు అసలు గౌరవము, కంటిరోగుల వివరములను రోగి కన్నుల చిత్రములతో వ్రాయించి భద్రపరచుటవలన కలిగినది. గ్రంథము చెప్పినది ఒకవైపు, రోగి కన్ను చూపినది వేరొకవైపు. రెండును ఒకేచోట నిలిచినవి.

పడమటి దేశములలోను ఈ దృష్టి ఆలస్యముగనే వచ్చినది. 1543లో వెలువడిన వెసాలియసు శరీరనిర్మాణ గ్రంథమును ధనికులు చిత్రముల సొగసునకై కొనుచుండిరి. దాని తొలి రెండు ముద్రణలలో నేటికి మిగిలిన ఏడువందలకు పైగా ప్రతులను వెదకి, పాఠకుల గీతలను, చేర్పులను, చెరిపివేతలను నమోదు చేసిన పరిశోధన 2018లో గాని వెలువడలేదు. ముద్రణ యొక్కటే యైనను ప్రతికొక చరిత్ర కలదని అందువలన తేలినది.

ఈ కొలతతో మన బసవరాజీయమును చూడవలెను. కోటూరు బసవరాజు ఇరువదియైదు ప్రకరణములుగా రచించిన ఈ గ్రంథము నాడీపరీక్షతో ఆరంభమగును. సంస్కృత శ్లోకముల నడుమ తెలుగు కలిసియుండుట దీని ప్రత్యేకత. పండితులు కొందరికి ఇది భాషాదోషముగ తోచవచ్చును. మందు నూరువాడు తిప్పతీగను తిప్పతీగ యనియే యెరుగును గదా! ఆ తెలుగే గ్రంథమును వైద్యుని చేతికి అందించినది. ఇందలి రసౌషధములను నేడు పుస్తకము చూచి వాడుట ప్రమాదము. సేకరించువారు ఈ సంగతి దాచరాదు. చికిత్సకు పనికిరాని యోగము గూడ చరిత్రకు పనికివచ్చును.

గ్రంథసూచికలు చేయు వారిపై ఒక ఆక్షేపణ కలదు. వైద్యపు తాటాకులకు సూచికలలో తరచు దక్కునది రెండు మాటలే: "వైద్యము, అసమగ్రము." అసమగ్రత యంతయు శైథిల్యము కాదు. జ్వరములకు మందిచ్చు పల్లెవైద్యుడు జ్వరప్రకరణము మాత్రమే వ్రాసికొనియుండవచ్చును. అట్టి ప్రతి అతనికి సమగ్రమే. ఏ ఆకులు ఎక్కువగ నలిగినవి, ఏవి నూనె మరకలు పట్టినవి, ఏ యోగము ప్రక్క వేరొక చేతివ్రాత చేరినది అని సూచికలో వ్రాసిన నాడు, మహామహోపాధ్యాయుల పీఠికలలో దొరకని సంగతులు దొరకును.

అచ్చుపుస్తకముల స్థితి ఇంతకంటె దైన్యము. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి తెలుగులో శాస్త్రగ్రంథములు ప్రకటించెను. ఆచంట లక్ష్మీపతిగారి 'అంటువ్యాధులు' అందులోనిది. తాటాకునకు ప్రాచీనత యను రక్ష యైనను కలదు. చౌక కాగితముపై అచ్చయిన ఇట్టి పుస్తకమునకు అదియును లేక, చేతిలోనే పొడియగుచున్నది. తెలుగున శాస్త్రపరిభాష ఎట్లు కుదురుకొన్నదో తెలుపునవి ఇవియే.

తిరుత్తంగల్ వంటి చోటులలో వెదకుటకు మరియొక కారణము కలదు. అచ్చటి తెలుగువారు మందుచెట్ల పేర్లను బజారునుండి తమిళముననే నేర్చుచున్నారు. తిప్పతీగ వారికి సీందిల్. ఏ వైద్యుడైన తన ప్రతిలో తెలుగు పేరు ప్రక్క తమిళపు పేరు గుర్తించియుండినచో, ఆ రెండు మాటలకొరకే ఆ ఆకును కాపాడవలెను. ఛాయాచిత్రము తీయువారు ఆకు రెండవవైపును, అంచులను, కట్టలో దూర్చిన చీటీలను గూడ విడువక తీయవలసియున్నది.