పదకొండు గంటల కేక

సెప్టెంబరు 15 రాత్రి పదకొండు కావస్తుంటే మెక్సికో నగరం నడిబొడ్డున సోకలో మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. పిల్లలు నాన్నల భుజాలెక్కి ఉంటారు. వాళ్ళ బుగ్గల మీద ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు చారలు. జాతీయ భవనం మేడ మీది వసారాలోకి దేశాధ్యక్షులు జెండాతో వచ్చి, స్వాతంత్ర్య యోధుల పేర్లు ఒక్కొక్కటే గొంతెత్తి పలుకుతారు. ప్రతి పేరుకూ కింద నుంచి ‘వీవా!’ అని ఒక్కటే ఘోష. వీవా అంటే జై. చివర ‘వీవా మెహికో’ అని మూడుసార్లు. ఆపైన అధ్యక్షులు తాడు లాగితే తలపైన వేలాడే గంట మోగుతుంది. జాతీయ గీతం, బాణసంచా. దీని పేరు ‘గ్రీతో’, అంటే కేక.

ఇందులో ఉపన్యాసం లేకపోవడమే గొప్ప. పేరు, క్షణం ఆగడం, జనం బదులు పలకడం, అంతే. అదే రాత్రి ఊరూరా పురపాలక భవనం వసారా నుంచి మేయరు ఇదే కేక వేస్తాడు. అమెరికాలోని మెక్సికో కాన్సులేట్లలోనూ వినిపిస్తుంది. చదువు రానివాడు కూడా తప్పు లేకుండా పాల్గొనగల జాతీయ వేడుక ఇది.

మూలం 1810లో ఉంది. అప్పటికి స్పెయిన్ ఏలుబడి మొదలై మూడు వందల ఏళ్ళు కావస్తోంది. కెరెతారో పట్టణంలో సాహిత్య గోష్ఠుల ముసుగులో సాగుతున్న తిరుగుబాటు పథకం బయటపడింది. పట్టణాధికారి తన భార్య హోసెఫా ఓర్తిస్‌ను ఇంట్లోనే పెట్టి తాళం వేశాడు. ఆమె కూడా ఆ పథకంలో ఉంది మరి. తాళం వెనక నుంచే ఆమె కబురు పంపించింది. ఆ కబురుతో అల్దామా అనే సైనికాధికారి గుర్రం మీద రాత్రికి రాత్రే దొలోరెస్ అనే ఊరు చేరాడు. అక్కడి చర్చి విచారణ గురువు మిగెల్ ఇదాల్గోకు అప్పుడు 57 ఏళ్ళు. ఊరివాళ్ళకు కుండలు చేయడం, పట్టుపురుగులు పెంచడం, తేనెటీగలు సాకడం నేర్పిన మనిషి. సెప్టెంబరు 16 ఆదివారం తెల్లవారుజామున ఆయన చర్చి గంట మోగించి, వచ్చినవాళ్ళను పోరుకు పిలిచాడు. ఆ మాటలను అక్కడికక్కడ ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే నేటికీ ఏ అధ్యక్షుడి కేకలోని మాటలు ఆ అధ్యక్షుడివే.

ఏడాది తిరగకముందే, 1811 జూలై 30న, ఇదాల్గోను చివావాలో కాల్చి చంపారు. ఆయన తలనూ మరో ముగ్గురు నాయకుల తలలనూ గ్వనహ్వాతో ధాన్యాగారం నాలుగు మూలలా ఇనుప పంజరాల్లో వేలాడదీశారు. పదేళ్ళు అవి అక్కడే ఉన్నాయి. విముక్తి సేన రాజధానిలో అడుగుపెట్టింది 1821 సెప్టెంబరు 27న. ఆ సేనాపతి ఇతుర్బిదే అంతకుముందు స్పెయిన్ తరఫున తిరుగుబాటుదారులను వేటాడినవాడు. మరుసటి ఏడాదే తాను చక్రవర్తి అయ్యాడు. పెద్ద పండుగ ఆ గెలుపు తేదీకి దక్కలేదు. ఓడి చనిపోయిన గురువు పిలుపుకు దక్కింది. ఆ పిలుపు తేదీని ఏటా ఘనంగా జరపాలని ఉద్యమ నాయకుడు మొరేలోస్ 1813లోనే కోరాడు. ఇంతకంటే న్యాయమైన ఎంపిక మరొకటి ఉండేది కాదు.

ఆ పిలుపు విలువ ఏలినవారికీ తెలుసు. 1864లో ఫ్రెంచి సేనల అండతో గద్దెనెక్కిన మాక్సిమిలియన్ చక్రవర్తి ఏకంగా దొలోరెస్‌కే వెళ్ళి కేక వేశాడు. అదే రాత్రి, రాజధాని వదిలి ఉత్తరానికి తరలిపోతున్న అధ్యక్షుడు హ్వారెస్ దురాంగో ప్రాంతంలోని ఒక చిన్న ఊళ్ళో కొద్దిమంది సైనికుల మధ్య పండుగ చేసుకున్నాడు. దొలోరెస్ గంటను 1896లో పోర్ఫిరియో దియాస్ రాజధానికి తెప్పించాడు. దియాస్ పుట్టినరోజు సెప్టెంబరు 15 కాబట్టే వేడుక ముందురోజు రాత్రికి మారిందని చాలామంది అంటారు. కానీ ఆయన అధికారంలోకి రాకముందే ఆ రాత్రి వేడుక ఉంది.

కేక కొద్ది నిమిషాలే. దానికి ముందు చేతిపని ఎన్నో రోజులు. వీధుల పైన దండెం కట్టినట్టు వేలాడే కాగితపు తోరణాల్నే చూడండి. వీటిని ‘పపెల్ పికాదో’ అంటారు. ప్వెబ్లా రాష్ట్రంలోని విష్కొలోత్లా ఊరు దీనికి పుట్టిల్లు. పలచటి రంగుకాగితాలను పదుల కొద్దీ దొంతరగా పేర్చి, పైన నమూనా పెట్టి, కింద సీసపు పలక వేసి, సన్నని ఉలులతో సుత్తి దెబ్బ కొడుతూ చెక్కుతారు. సీసం మెత్తన కాబట్టి ఉలి మొన చెడదు, అడుగు కాగితం దాకా దిగుతుంది. అసలు నేర్పు కత్తిరించకుండా వదిలే చోట ఉంటుంది. గద్ద బొమ్మ చుట్టూ సన్నని వల వదలాలి. ఒక్క పోగు తెగినా బొమ్మ ఊడి పడుతుంది, దొంతరంతా పోతుంది. ఇంత శ్రమపడి చేసింది సెప్టెంబరు వానలకు నానిపోతుంది. మరుసటి ఏడు మళ్ళీ చెక్కుతారు.

వంటింట్లో ‘చీలెస్ ఎన్ నొగాదా’. మన గుంటూరు ఘాటుకు మూలమైన మిరప పుట్టింది ఈ మెక్సికో నేల మీదే, పోర్చుగీసు ఓడలు దాన్ని మనకు చేర్చాయి. ఈ వంటకానికి మాత్రం పెద్దగా కారం లేని పొబ్లానో మిరపకాయ కావాలి. దాన్ని మంట మీద కాల్చి, పొట్టు ఒలిచి, గింజలు తీసి, మాంసంతో ఉడికించిన ఆపిల్, పియర్, పీచ్ ముక్కలు కూరతారు. పైన పచ్చి వాల్‌నట్ గుజ్జు పోస్తారు. ఆ పప్పు ఒక్కోదానికీ చేదు పొర గోటితో తీయాల్సిందే. తీయకపోతే తెల్లటి పులుసు నల్లబడి చేదెక్కుతుంది. అందుకే ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుంటారు. పైన దానిమ్మ గింజలు, కొత్తిమీర లాంటి పార్స్‌లీ ఆకు చల్లితే జెండా రంగులు మూడూ పళ్ళెంలోకి వస్తాయి. 1821లో ఇతుర్బిదే కోసం ప్వెబ్లా కన్యాస్త్రీలు దీన్ని కనిపెట్టారని కథగా చెబుతారు. తాజా వాల్‌నట్, దానిమ్మ కలిసొచ్చే కాలం కొద్ది వారాలే కాబట్టి పండుగకు ఈ వంట అతికింది. ఇక పదిహేనో తేదీ రాత్రి సున్నంలో ఉడికించిన మొక్కజొన్నతో చేసే పొసోలే కుండ ఎక్కని ఇల్లు తక్కువ.

మే 5ను మెక్సికో స్వాతంత్ర్య దినంగా పొరబడేవాళ్ళు బయట చాలామంది. అది 1862లో ప్వెబ్లా దగ్గర ఫ్రెంచి సేనను ఓడించిన రోజు. అమెరికాలో దానికి సందడి ఎక్కువ.

ఈ కేకకు గాయాలూ తగిలాయి. 2008లో మొరేలియాలో ఆ రాత్రే జనం మీద గ్రెనేడ్లు విసిరితే ఎనిమిది మంది చనిపోయారు. 2024లో ముఠాల హింస వల్ల కులియాకాన్ నగరం వేడుకనే మానుకుంది. కేక ఆగిన రాత్రి ఆ ఊరికి ఎంత వెలితో చెప్పనక్కరలేదు.

2025లో మొదటిసారి ఆ వసారా నుంచి ఒక మహిళ, అధ్యక్షురాలు క్లాడియా షేన్‌బామ్, కేక వేశారు. హోసెఫాను భర్త ఇంటిపేరుతో కాకుండా పుట్టింటి పేరుతో పిలిచారు. జనం ‘వీవా’ అన్నారు. అక్కడి రాత్రి పదకొండు మనకు సెప్టెంబరు 16 ఉదయం పదిన్నర. ప్రత్యక్ష ప్రసారం వస్తుంది. ఈసారి ఆ పేర్లు మీరూ వినండి.