ముందు లెక్క, తర్వాత అల్లిక

రెండు కొసలూ కలిపేసిన మఫ్లరే కౌల్. తల మీదుగా తొడుక్కుంటే మెడ చుట్టూ ఒదిగి కూర్చుంటుంది. జారిపోదు, బండి మీద వెళ్లేటప్పుడు కొసలు గాలికి ఎగరవు. లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో డిసెంబరు తెల్లవారుజామున బండి తీసేవారికైనా, షికాగోలో బస్సు కోసం నిలబడే విద్యార్థికైనా పనికొచ్చే వస్తువు ఇది. ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది. చేతివేగం ఎక్కువగా ఉండటం వల్ల కాదు. ఊలు లావు, ఆకారం, అల్లిక రకం అనే మూడింటినీ సూదులు పట్టకముందే తేల్చుకోవడం వల్ల.

మామూలు మఫ్లర్ 150 సెం.మీ. పొడవు, 18 సెం.మీ. వెడల్పు అనుకుంటే అల్లాల్సింది 2,700 చదరపు సెం.మీ. కౌల్ చుట్టుకొలత 60, ఎత్తు 24 సెం.మీ. అయితే 1,440 చాలు. అక్కడే దాదాపు సగం పని తగ్గింది. ఊలు లావుతో తగ్గేది ఇంకా ఎక్కువ. సన్న ఊలుతో 10 సెం.మీ.కు 28 కుట్లు, 40 వరుసలు పడితే ఆ కౌల్‌కు 16 వేలకు పైగా కుట్లు వేయాలి. లావు ఊలుతో 12 కుట్లు, 18 వరుసలే పడితే మూడు వేల పైచిలుకుతో సరిపోతుంది. అడ్డంలోనూ నిలువులోనూ తగ్గడం వల్ల పని ఐదో వంతుకు దిగుతుంది. నిమిషానికి 20 కుట్లు వేసే మామూలు చేతికి అది రెండున్నర గంటల పైచిలుకు పని.

అలాగని ఎంత లావైతే అంత మంచిదనుకోకూడదు. వెచ్చదనమిచ్చేది ఊలు ఒక్కటే కాదు, దాని పోచల మధ్య కదలకుండా నిలిచే గాలి కూడా. ఉన్ని పోచ సహజంగా వంకీలు తిరిగి ఉంటుంది కనుక ఆ గాలిని బాగా పట్టి ఉంచుతుంది. పైగా తన బరువులో మూడో వంతు దాకా తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. అయితే మరీ పెద్ద సూదులతో వదులుగా అల్లితే కుట్ల మధ్య సందుల్లోంచి చలిగాలి దూరి, లోపలి వెచ్చని గాలిని తోసేస్తుంది. వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు సందులు కొట్టొచ్చినట్టు కనబడితే సూది సైజు ఒక మెట్టు తగ్గించాలి.

మెడ దగ్గరి చర్మం సున్నితం. 30 మైక్రాన్ల మందం దాటిన ఉన్ని పోచలు గుచ్చుకుంటాయి. మెరినో ఉన్ని అంతకన్నా బాగా సన్నం కనుక ఆ బాధ ఉండదు. మన పట్టణాల్లో ఉండలుగా అమ్మే ఊలులో ఎక్కువభాగం అక్రిలిక్. అది చవక, త్వరగా ఆరుతుంది, మెషీన్‌లో ఉతికినా ముడుచుకోదు. కానీ తేమను పెద్దగా పీల్చుకోదు, నిప్పు తగిలితే కరుగుతుంది. లావు ఊలు దొరకనప్పుడు సన్న ఊలు రెండు మూడు పోగులు కలిపి ఒకే దారంలా అల్లవచ్చు. రెండు రంగుల పోగులు కలిపితే చుక్కల చుక్కల అల్లిక వస్తుంది.

అసలు రూపకల్పన నమూనా ముక్కతో మొదలవుతుంది. 8 మి.మీ. సూదులతో, కౌల్‌కు అనుకున్న అల్లికతోనే, సుమారు 15 సెం.మీ. చదరం అల్లి, ఉతికి, ఆరబెట్టి, మధ్యలో 10 సెం.మీ. మేర కుట్లు లెక్కపెట్టాలి. అంచుల్లో కుట్లు వంకరపోతాయి కనుక అక్కడ కొలిస్తే లెక్క తప్పుతుంది. 1971లో ‘నిటింగ్ వితవుట్ టియర్స్’ రాసిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ఈ ఒక్క సంఖ్య మీదే మొత్తం స్వెట్టర్ లెక్క కట్టే పద్ధతికి పేరు తెచ్చారు: నమూనాలో ఒక సెం.మీ.కు వచ్చిన కుట్లను చుట్టుకొలతతో హెచ్చిస్తే మూలసంఖ్య వస్తుంది, చేతులకూ మెడకూ కుట్లు అందులో శాతాలుగా తేలతాయి.

కౌల్‌కు శాతాలు కూడా అక్కర్లేదు. 10 సెం.మీ.కు 12 కుట్లయితే 60 సెం.మీ.కు 72. పెద్దవారి తల చుట్టుకొలత సాధారణంగా 55 నుంచి 58 సెం.మీ. కాబట్టి 60 సులువుగా దిగుతుంది. ఎంత ఊలు కావాలో కూడా నమూనాయే చెబుతుంది. 225 చదరపు సెం.మీ. ముక్క 18 గ్రాములు తూగితే, దానికి ఆరున్నర రెట్లున్న కౌల్‌కు 117 గ్రాములు. 50 గ్రాముల ఉండలు మూడు కొంటే మధ్యలో అయిపోతుందన్న బెంగ ఉండదు.

ఇక అల్లిక. ఒకవైపు అన్నీ నిట్ (సూటి కుట్టు), రెండోవైపు అన్నీ పర్ల్ (తిరగేసిన కుట్టు) కనిపించే సాదా అల్లిక అంచుల్లో చుట్టుకుపోతుంది. మెడ దగ్గర మడత పడి లోపలివైపు కూడా కనబడే వస్తువుకు రెండువైపులా ఒకేలా ఉండే అల్లిక నయం. డబుల్ మాస్ అలాంటిదే: రెండు నిట్, రెండు పర్ల్ చొప్పున రెండు చుట్లు, తర్వాత రెండు చుట్లు నిట్ మీద పర్ల్, పర్ల్ మీద నిట్. చిన్న చిన్న గళ్లు ఉబ్బెత్తుగా లేచి, వాటి మధ్య గుంటల్లో గాలి నిలుస్తుంది. ఇది నాలుగు కుట్ల లెక్కలో తిరుగుతుంది, 72 నాలుగుతో భాగించబడుతుంది కనుక జోడింపు దగ్గర వరస చెడదు.

40 సెం.మీ. పొడవున్న వృత్తాకార సూది మీద 72 కుట్లు వదులుగా ఎక్కించాలి. బిగిస్తే తల దూరదు. చుట్టు కలపబోయే ముందు కుట్ల అడుగు అంచంతా సూదికి లోపలివైపే ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. ఒక్కచోట మెలిపడినా తర్వాత సరిచేయడం కుదరదు, మొత్తం విప్పాల్సిందే. చుట్టు మొదలయ్యే చోట వేరే రంగు దారపు ఉంగరం గుర్తుగా వేయాలి. అడుగున నాలుగు చుట్లు రెండేసి నిట్, పర్ల్‌తో రిబ్, మధ్యలో 36 చుట్లు డబుల్ మాస్, పైన మళ్లీ నాలుగు చుట్లు రిబ్. మొత్తం 44 చుట్లకు ఎత్తు 24 సెం.మీ. దాటుతుంది. చివరి కుట్లు మూసేటప్పుడు ఒక సైజు పెద్ద సూది వాడితే అంచు సాగుతుంది.

వృత్తాకార సూది లేనివారు తిన్నని సూదుల మీద 30 కుట్లతో 60 సెం.మీ. పట్టీ అల్లి చివరలు కుట్టేయవచ్చు. ఇదే లెక్కతో చెవుల పట్టీ కూడా వస్తుంది. అది జారకుండా పట్టి ఉండాలి కనుక తల కొలతలో పదో వంతు తగ్గించి 50 సెం.మీ.కు కుట్లు కట్టాలి. ఎత్తు 10 సెం.మీ. చాలు.

దారం కొసలను మొద్దు సూదితో లోపలివైపు కుట్లలోకి దూర్చి, దిశ మార్చి మరోసారి దూర్చితే ఊడి రావు. ఉన్ని కౌల్‌ను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలే తప్ప రుద్దకూడదు; వేడికి, రాపిడికి పోచల మీది పొలుసులు ఒకదానికొకటి పట్టుకుని గుడ్డ గట్టిపడి చిన్నదవుతుంది. పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, కొలతకు సర్ది, నీడలో పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు సాగుతుంది. అక్రిలిక్‌కు ఇస్త్రీ తగలనివ్వకూడదు. వేడికి దాని ఉబ్బు శాశ్వతంగా అణగారిపోతుంది, దాంతోపాటే అందులో నిలిచే గాలీ తగ్గిపోతుంది.